మౌలా సాహెబ్ మెల్లగా నడిపిన బండి

డోన్ నుంచి కర్నూలుకు మౌలా సాహెబ్ నడిపే బస్సెక్కి, ఆయన్ను తిట్టుకోకుండా దిగినవాళ్లు లేరు. గతుకైనా గుంతైనా ఆయనకు ఒకటే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవాల్సిందే. నేనూ తిట్టాను. ఆయన సంగతి ఆయన నోటే విన్నాక మానుకున్నాను.

బస్సు నడపకముందు ఆయన కర్నూలులో ఒక తెల్ల దొరసాని కారు నడిపేవాడు. ఏటా ఎండాకాలం ఆమెను నీలగిరుల్లో తేయాకు తోటల మధ్యనున్న కోటగిరికి తీసుకుపోయేవాడు. ఒక ఏడు ఆయన భార్య పీరమ్మకు ఆయాసం ముదిరింది. ఈ ఎండకూ దుమ్ముకూ మనిషి దక్కదు, చల్లని కొండగాలి తగలాలన్నాడు హకీము. మౌలా సాహెబ్ కాళ్లావేళ్లా పడితే దొరసాని ఒప్పుకుని పీరమ్మను ముందు సీట్లో కూర్చోనిచ్చింది.

దొరసాని చెడ్డది కాదు. నాకు ఒళ్లు మండేదే అందుకు. జాలి ఉంది, తొందరే లేదు. చింతతోపు కనబడితే బండి ఆపించి బొమ్మ గీసేది. మేకలమంద కనబడితే గొడుగు పట్టించుకుని కూర్చునేది. దారిలో బంగళా ఏదైనా నచ్చితే ఇక అక్కడినుంచి కదిలేది కాదు. పీరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊపిరికోసం పెనుగులాడేది.

“కొండలు ఇంకా శానా దూరం ఉండాయా?” అని అడిగేది మొగుణ్ణి.

“ఈడనే. కండ్లు మూసుకో, లేసేలోపల పోతాం” అనేవాడు.

మైసూరు దాటి గుండ్లుపేట బంగళా చేరాక, దూరంగా కొండలు నీలంగా కనిపించాయి. పొద్దున్నే మౌలా సాహెబ్ దొరసాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మగారూ, ఆమెకు ఊపిరాడల్యా. ఇప్పుడే పోదాం. పొద్దు వాలేలోపల పైన ఉంటాం.”

“రేపు పోదాం మౌలా” అందామె రంగులు కలుపుతూ. “దగ్గరికి పోతే ఈ నీలం కనిపించదు.”

సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. పీరమ్మ అంతకుముందే పోయింది. ఆమెను గుండ్లుపేటలోనే మట్టి చేశారు. దొరసాని నిజంగానే ఏడ్చిందట. ఆ ఏడుపు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది.

మర్నాడు ఘాటురోడ్డులో ఆమె “మెల్లగా, మెల్లగా” అని అరిచినా మౌలా సాహెబ్ వినలేదు. కోటగిరిలో ఆమెను దించి, తాళంచెవి చేతిలో పెట్టి, ఆ చల్లటి గాలిలో కాసేపు నిలబడి, కొండ దిగి నడిచి వచ్చేశాడు.

మొన్నొకరోజు బస్సులో జీవమ్మ అనే ముసలామె ముందు కమ్మీని గట్టిగా పట్టుకుని, “రవ్వంత మెల్లగా పోప్పా, నీకు పుణ్యముంటాది” అంది.

మౌలా సాహెబ్ రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

“ఒక తూరి పోయినాలేమ్మా, మెల్లగా. సాలు.”