మాటలు పెట్టి ఏడ్చిన నానమ్మ

నా చిన్నప్పుడు మా నర్సంపేట వైపు ఊళ్ళలో ఎవరు పోయినా ఏడవడానికి మా నానమ్మను పిలుచుకుపోయేవారు. కన్నీళ్ళు కారిస్తే సరిపోదు. శవం తల దగ్గర కూర్చుని, రాగం తీసి, ఆ మనిషి ఎలా బతికాడో, ఎలా పోయాడో మాటలు పెట్టి ఏడవాలి. "మా ముసల్ది ఏడిస్తేగని సచ్చినోడు సచ్చినట్టు గాదు" అని మా తాత ఎగతాళి చేసేవాడు.

పక్కింటి అన్న, పత్తి ఏరే ఆడవాళ్ళకు కూలి పెంచాలని ఊరూరా తిరిగి మాట్లాడేవాడు. ఒకరోజు పోలీసులు వచ్చి జీపులో ఎక్కించుకుపోయారు. కొన్నాళ్ళకు శవాన్ని తెచ్చి దించారు. పారిపోతూ బావిలో పడ్డాడట. మెడ నుంచి కాళ్ళ దాకా గుడ్డ చుట్టి ఉంది. వెంటనే కాల్చేయాలనీ, మీటింగ్ పెట్టినా, నినాదం ఇచ్చినా అందరినీ లోపలేస్తామనీ ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. అన్నను ఏం చేశారో ఎవరికీ తెలియకుండానే శవం బూడిదైపోయేటట్టుంది.

నానమ్మ వచ్చి తల దగ్గర కూర్చుంది. గుడ్డ లాగేసి రాగమెత్తుకుంది.

"బావిల పడ్డవంటాండ్రు కొడుకా! నీ అరికాళ్ళు పలిగినయేంది కొడుకా! నీ గోర్లు ఎవలు పీకిండ్రు కొడుకా!"

"ఏయ్ ముసల్దానా, ఏడిస్తే ఏడువు, మాట్లాడకు!" అని ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"మాటల్లేకుంట ఏడ్సుడు మాకు రాదు సారూ."

లాఠీ ఆమె నోటి మీద పడింది. పళ్ళు రాలాయి, రక్తం అన్న గుండెల మీద కారింది. నేను కెవ్వుమన్నాను. నానమ్మ పెదవులు కదులుతున్నాయి గానీ మాట పలకడం లేదు.

అంతవరకూ బండలా కూర్చున్న అన్న తల్లి, "నీ గోర్లు ఎవలు పీకిండ్రు కొడుకా" అని అక్కడి నుంచే అందుకుంది. ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు. ఇంకొకామె అందుకుంది. ఆమె చెయ్యి విరిగింది. పత్తి ఏరే ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తింటూనే ఏడ్చారు. చితి అంటుకునేసరికి ఊరందరికీ అంతా తెలిసిపోయింది.

నానమ్మ నోరు మళ్ళీ బాగుపడలేదు. ఆ లాఠీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ వణుకే, ధైర్యవంతురాలినని చెప్పుకోను.

మొన్న హనుమకొండలో ధర్నా దగ్గర ఒక కాలేజీ పిల్ల మైకులో మాట్లాడుతుంటే పోలీసులు మధ్యలోనే ఈడ్చుకుపోయి వ్యానెక్కించారు. మైకు రోడ్డు మీద పడి ఉంది. మోకాళ్ళ నొప్పితోనే వంగి తీసుకున్నాను. ఆ పిల్ల ఏ మాట దగ్గర ఆగిందో, అక్కడి నుంచి మొదలుపెట్టాను.