పసిరికల మందు మోసింది నేనే

మాట ఇచ్చామని మనిషిని చావనిస్తామా? మీరైతే ఏం చేసేవారు?

కచ్ తీరం, మే నెల. సరిహద్దు దళం పోస్టుకు డ్యూటీ మీద వెళ్తున్నాం. గస్తీ పడవ ఇంజను సముద్రంలో ఆగిపోయింది. చేపలవాళ్ల తెరచాప పడవలోకి మారాం. ఐదుగురం, తలా ఇరవై కిలోల సామాను. సాయంత్రం నాలుగూ ఇరవైకి రేవు చేరాం. రాతి మెట్లు, కప్పులు కూలిన ఇళ్లు. వెనకంతా ఇసుక, ఉప్పు నేల.

మెట్ల మీద మా రేడియో ఆపరేటర్ నిలబడ్డాడు. జమ్మికుంటవాడు. మాది చొప్పదండి.

“ఏందన్నా, గాలి పట్టుకొని వచ్చిండ్రా? ఎడ్లబండి నయముండె గదనే!”

తర్వాత గొంతు తగ్గించాడు. “అవ్వ ఇచ్చిందా?”

ఇచ్చాను. కామెర్లకు వేసే ఆకుపొడి. మా ఊళ్లలో పసిరికల మందు అంటారు. నేను బయలుదేరే ముందు వాళ్ల అవ్వ మా ఇంటికొచ్చి అప్పగించింది. అతను నల్లద్దాలు తీశాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. ఉప్పు మెరుపుకి అందరం అద్దాలు పెట్టుకునే చోటు కాబట్టి ఎవరూ గమనించలేదు.

“మందులాయనకు చూపెట్టు తమ్మీ. గిట్ల దాస్తే ఎట్ల?”

“సూది పడితె మందు ఇరుగుతదే. మూడు పొద్దులన్నా, అంతే. ఎవ్వలికి చెప్పకు. నా మీద ఒట్టు.”

సూది పడితే ఆకు ఎలా విరుగుతుంది? ఎవరు చూశారు? వైద్య సహాయకుడి బంకర్ నలభై అడుగుల దూరం. వెళ్లి అడగలేదు. డిగ్రీ చదివినవాణ్ని, ఒట్టుకు భయపడ్డాను.

మూడు ఉదయాలు మజ్జిగలో కలుపుకుని తాగాడు. ఉప్పు, నూనె మానేశాడు. నాలుగో రోజు పదకొండు గంటలకు బేస్ నుంచి పిలుపు వచ్చింది. అతను తెలుగులో జవాబిచ్చాడు.

“అవ్వా, పత్తి తడుస్తుందే. లోపలెయ్యి.”

“దోబారా బోలో,” మళ్లీ చెప్పమంది రేడియో.

“వాన పడ్తుందే అవ్వా.”

బయట మబ్బు తునక లేదు.

అప్పుడు పరిగెత్తాను. సహాయకుడు అతని కనురెప్ప ఎత్తి చూశాడు. నా వైపు తిరిగి ఒకటే అడిగాడు: “నీకు ఎప్పటినుంచి తెలుసు?”

మూడింటికి హెలికాప్టర్ వచ్చింది. ఆసుపత్రిలో రెండు రోజులు బతికాడు. తెలివి రాలేదు. రోగం చంపిందో ఆకు చంపిందో చెప్పలేనన్నాడు డాక్టర్. ఆలస్యం మాత్రం కచ్చితంగా చంపిందన్నాడు.

డ్యూటీ ముగిశాక జమ్మికుంట వెళ్లాను. అవ్వ నా చేతులు పట్టుకుంది.

“పథ్యం తప్పిండా బిడ్డా? గా మందు ఎన్నడు తప్పలే.”

నిజం చెప్పడానికే వెళ్లాను. “తప్పిండవ్వా,” అన్నాను.

ఆమె ముఖం తేలికపడింది. పక్కింటి కోడలిని కేకేసింది. “ఇన్నవా? మందుది తప్పు లేదట. మీ మామను గా మందుకే తోల్కపో, ఏం ఫికర్ లేదు.”

ఆ కోడలు వంగి, అరుగు మీద కూర్చున్న పచ్చకళ్ల ముసలాయనకు చెప్పులు తొడిగింది. ఒక కాలికి, తర్వాత రెండో కాలికి. నేను చూస్తూ నిలబడ్డాను. వంగిన ఆ వీపు నన్ను ఈనాటికీ వదల్లేదు.

మీ వాడలో అలాంటి ఇల్లు ఉంటే ఇవాళే వెళ్లండి. ఆ మనిషిని బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోండి. తిడితే పడండి. ఒట్టు పెడితే తెంచండి.