సీసాల దారం

కడపలో నీళ్లు పరీక్షించే ల్యాబులో నాకు పని నేర్పిన అక్క సీసాలను దారంతో కట్టేది. ఫ్లోరైడ్ మీటరును ఒకసారి సరిచేశాక దాని మీద కొలిచిన సీసాలన్నీ ఒక కట్ట. చివర్లో, ఎంత ఫ్లోరైడ్ ఉందో ముందే తెలిసిన నీళ్లు పెట్టి చూసేది. మీటరు ఆ అంకె చూపిస్తేనే ముడి విప్పేది. లేదంటే కట్టంతా మళ్లీ మొదటినుంచి కొలవాల్సిందే.

"ఒగ కట్టలోవన్నీ తోడబుట్టినోళ్లప్పా. ఒగరికి జెరమొస్తే అందర్నీ సూడల్ల," అనేది. నాకదంతా చాదస్తమనిపించేది.

ఒకరోజు కమలాపురం నుంచి వచ్చిన ఒకామె బస్సుకు టైమవుతోందంటే, ముడి విప్పకముందే ఆమె బోరునీళ్లు మంచివేనని కాగితం రాసిచ్చాను. సాయంత్రం తెలిసిన నీళ్లు పెట్టి చూస్తే మీటరు తప్పు అంకె చూపించింది. అక్క నన్ను తిట్టలేదు. వెంటబెట్టుకుని కమలాపురం బస్సెక్కింది. ఆమె ఇంటి గడపలో నిలబడి, "మా మీటరు తప్పిండాదమ్మా. ఆ కాగితం ఇచ్చెయ్. మళ్లీ సెప్పేదాంక బిడ్డలకు ఆ నీళ్లు తాపొద్దు," అని చేతులు జోడించింది. నా తొందరపాటు గురించి ఒక్క మాట అనలేదు.

అక్క రిటైరైన రోజు ఆఖరి కట్ట ఇంకా మీటరు దగ్గరే ఉంది. "నేను పోతాండా. నువ్వే ఇప్పప్పా," అని వెళ్లిపోయింది.

మీటరు సరిగ్గానే చూపించింది. అయినా ముడి విప్పడానికి నాకు చెయ్యి రాలేదు. సీసాలను ఒక్కొక్కటే దారంలోంచి జార్చి తీశాను. ఇప్పుడు ఏ సీసా ఏ కట్టలోదో కంప్యూటరే చెబుతుంది. నా సొరుగులో ఆ దారం మాత్రం అక్క వేసిన ముడితోనే ఉంది.