నొప్పి లేని గాయం

కృష్ణానగర్‌లో గడ్డాలు, మీసాలు అద్దెకిచ్చే దుకాణం ముందు నుంచి వెళ్తే ఇప్పటికీ స్పిరిట్ గమ్ జిగురు ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ వెంటే మా రెండు గదుల ఇల్లు, డిసెంబరు చలి, అమ్మ కాగే నూనెలో వదులుతున్న గులాబీ పువ్వులు, వాటి కోసం పొయ్యి చుట్టూ కాకుల్లా మూగిన తమ్ముడూ నేనూ గుర్తొస్తాం.

మా నాన్న సినిమాల్లో మేకప్‌మన్. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్ కొండెక్కినవాడు, పనిలో ఘటికుడు. ఏ గాయమైనా ముందు తన ఎడమ చేతి మీద వేసుకుని ఇంట్లో తిరిగేవాడు, మేం హడలిపోతేనే దాన్ని సెట్‌కు తీసుకెళ్లేవాడు. కత్తిపోట్లు, కాలిన బొబ్బలు, పాము కాట్లు చూస్తూ పెరిగిన పిల్లలం కాబట్టి వీధిలో అందరూ గోళీలాడుతుంటే మేం మిగిలిన ఎర్రరంగు పూసుకుని చచ్చిపోయే ఆట ఆడేవాళ్లం, అందులో నన్ను మించినవాళ్లు లేరు. సాయంత్రం అమ్మ కొబ్బరినూనె దూదితో నాన్న గాయం తుడిచాకే అన్నాలు.

ఆ యేడు డిసెంబరు మొదట్లో, ఊరి సీను కోసం తెచ్చిన నల్ల మేక ఒకటి సెట్లో ఉన్నట్టుండి చచ్చిపోయింది. దాని పొడవాటి వెంట్రుకలు గడ్డాలకు పనికొస్తాయని నాన్న కత్తిరించి మూటగట్టి తెచ్చాడు. మేమిద్దరం అవి గడ్డాలుగా అంటించుకుని, పండక్కి ముందే వేసిన క్రిస్మస్ నాటకంలో బాలయేసును చూడవచ్చే జ్ఞానులమైపోయాం.

కొన్నాళ్లకు నాన్న ముంజేతి మీద చిన్న పొక్కు లేచి, చితికి, నడుమ బొగ్గులా నల్లబడింది. పక్కింటి యాదమ్మత్త చూసి, "ఏం చేసినవన్నా, అచ్చం నిజం పుండు లెక్కనే ఉంది" అని మెచ్చుకుంది. నొప్పి లేదు కాబట్టి నాన్న నవ్వి ఊరుకున్నాడు. సెట్లో మాత్రం రంగు పూసి దాచాడు, ఇంటికొచ్చి అమ్మకివ్వకుండా తానే తుడుచుకున్నాడు. మొహాలు ముట్టుకునే చేతికి పుండుందని తెలిస్తే ఏ హీరోయినూ ఆయన ముందు కుర్చీలో కూర్చోదు.

ఓ సాయంత్రం అమ్మే దూది పట్టుకుని తుడవబోయింది. రంగు పోయింది కానీ నలుపు పోలేదు. ఇంకాస్త నూనె వేసి గట్టిగా రుద్దినా నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇది రావట్లేదేంటండీ? చెయ్యి ఇంత వాచిందేంటి?"

"నొప్పేం లేదులేవే."

"అదే నాకు భయంగా ఉంది. లేవండి, ఆసుపత్రికి పోదాం."

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆ నల్ల చెక్కు చూసి, చచ్చిన పశువునేమైనా ముట్టుకున్నారా అని అడిగింది. ఆంత్రాక్స్ అంది. పల్లెల్లో గొడ్లకూ మేకలకూ వచ్చే దొమ్మరోగమే, ఆ నల్ల మేక నుంచి నాన్న చర్మానికి ఎక్కింది. ఇంకా ఆలస్యం చేసుంటే రక్తంలోకి పాకేదట. నాన్నను చేర్చుకుని సూదిమందులు మొదలుపెట్టారు, మా మొహాలు పరీక్షించి మాకూ మాత్రలిచ్చారు, వెంట్రుకల మూటను చేతులకు తొడుగులు వేసుకున్నవాళ్లు వచ్చి పట్టుకుపోయారు. ఆ పండక్కి గులాబీ పువ్వులు డబ్బాలోనే మెత్తబడ్డాయి. నాన్న చచ్చిపోతాడేమోనని నేను ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు, చచ్చే ఆట మళ్లీ ఆడలేదు. నాన్న బతికాడు. చెక్కు రాలిన చోట రూపాయి బిళ్లంత గుంట మిగిలింది.

ఇప్పుడు గాయాలు కంప్యూటర్లో వేస్తున్నారు. మా గదులున్న చోట హాస్టలు లేచింది, యాదమ్మత్త వాళ్లు రహమత్ నగర్ వెళ్లిపోయారు. ఈ మధ్యనే నాన్న కూడా నిండు వయసులో వెళ్లిపోయాడు. ఆరోజు తోటి మేకప్‌మన్ ఒకాయన నాన్న ముఖానికి ఆఖరిసారి రంగు సరిచేసి, చేతి మీది గుంటకూ కాస్త పూయబోయాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"అది కప్పకండి అన్నయ్యగారూ. ఒకసారి కప్పుకునే ప్రాణం మీదికి తెచ్చుకున్నారు."