చెయ్యి రాని అమ్మవారు

నన్ను లోహశిల్పి అంటారు. ఇత్తడినీ వీడియోనీ కలిపినవాణ్ణని కేటలాగుల్లో రాశారు. ఆ రాసినవాళ్ళలో ఒక్కడూ కొలిమి దగ్గర కూర్చున్న పాపాన పోలేదు. నేను కూర్చున్నాను, కెమెరా పట్టుకుని.

తొంభైల చివర్లో అరకు పైన ఒక కొండ ఊళ్ళో ఇత్తడి పోత పోసే తాత ఉండేవాడు. ఆ ఏడు పండక్కి ఊరు కొత్త అమ్మవారిని పోయించుకుంటోంది. ఇంటింటి నుంచీ పగిలిన చెంబో, అరిగిన కడియమో ఇచ్చారు. తాత తేనెమైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తాడు. ఇత్తడి కరిగించిన మూస వంచాక మధ్యలో ఆపకూడదు, ఆపితే చల్లారిన లోహానికి వేడిది అతకదు. ఆ సంగతి ముందురోజే చెప్పాడు. నేను బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

తీరా మూస వంచేసరికి నా కెమెరా బ్యాటరీ అయిపోయింది.

"ఒక్క నిమిషం ఆగు తాతా" అన్నాను.

నేను బ్యాటరీ మార్చేదాకా ఆగాడు. ప్యాంటువాడు ఆగమంటే ఆగడం ఆ కొండల్లో అలవాటు. కింద నుంచి వచ్చిన ప్రతి జీపువాడూ నేర్పిన అలవాటు.

మర్నాడు అచ్చు పగలగొడితే అమ్మవారికి కుడిచెయ్యి లేదు. పండగ మట్టిబొమ్మతో కానిచ్చారు. అమ్మవారికని ఒకసారి ఇచ్చిన ఇంటిని మళ్ళీ అడగరు, ఆ ఇత్తడినే కరిగించి పోయాలి. అంతా తెలిసి కూడా, నాలుగు రోజుల్లో తెచ్చిస్తానని చెప్పి, సిగ్గు లేకుండా ఆ విగ్రహాన్ని పట్టుకుపోయాను.

హైదరాబాదులో ఒక ఎగ్జిబిషన్లో దాని వెనక టీవీ పెట్టి, తాత పోత పోయడం ఆగకుండా తిరిగేలా వేశాను. ఇంకేముంది! లేని చెయ్యి ఆదివాసీ గాయమట. అభివృద్ధి మీద తిరుగుబాటట. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నా బొంద! అది బ్యాటరీ మింగిన చెయ్యి. ఆ మాట చెప్పానా? గంభీరంగా తలాడించాను. ఆ తలాడింపుతోనే బెంగళూరు, ఢిల్లీ, జర్మనీ తిరిగొచ్చాను. తర్వాతి బొమ్మలన్నీ ఫౌండ్రీలో ఎవరో పోశారు. నేను వాళ్ళని వీడియో తీసి కింద నా పేరు వేసుకున్నాను.

పదేళ్ళకి క్యాసెట్‌కి బూజు పట్టింది, టీవీ చచ్చింది. నన్ను పిలిచేవాళ్ళూ తగ్గారు. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి ఆ ఊరు! విగ్రహాన్ని సంచిలో వేసుకుని కొండెక్కాను.

ఊళ్ళో ఇంకా మట్టిబొమ్మే. తాతకి చూపు పోయింది. విగ్రహాన్ని వేళ్ళతో తడిమి, భుజం దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. కూతుర్ని పిలిచి అటక మీద ఉన్నది దింపమన్నాడు. మట్టి మెత్తిన కొత్త అచ్చు అది. నేను వెళ్ళిన మూడో రోజుకే చేసి పెట్టుకున్నాడట, నాలుగు రోజుల్లో వస్తానన్నాను కదా.

కొలిమి రాజేశారు. చెయ్యి లేని అమ్మవారు మూసలో కరిగింది.

"నాకు సూపు ఆనదు బాబూ. నువ్వు పొయ్యి. ఇన్నేళ్ళూ ఇదే పని సేసినావంట కదా" అన్నాడు తాత.

కూతురు పటకారు నా చేతికిచ్చింది. లోహశిల్పిని! మూసని ఎక్కడ పట్టాలో తెలియక నిలబడ్డాను. ఆమె కాసేపు చూసి, పటకారు తీసుకుని, పక్కకి జరగమంది. జరిగాను.

ఆమె పోసింది. ఈసారి ఎవరూ ఆగమనలేదు. అమ్మవారికి రెండు చేతులూ వచ్చాయి.