తూకం మేస్త్రి ఇంటి కాటా

తూకం మేస్త్రి మాటంటే బజారంతటికీ గురి. కాటాలు బాగుచేసి, తూనికరాళ్ళతో సరిచూసి, కింద సీలు వేసివ్వడం ఆయన పని. ఒకసారి మాంసం కొట్టు నడిపే సొంత తోడల్లుడు "అన్నయ్యా, ఒక్క పది గ్రాములు అటూ ఇటూ చూడవూ, ఎవడు కనిపెడతాడు?" అన్నాడు. అంతే, ఆ కొట్టు ముందు నించి నడవడమే మానేసి రెండేళ్ళు చుట్టుదారిన ఇంటికెళ్ళాడు. పది గ్రాముల కోసం చుట్టరికం తెంచుకున్న మహానుభావుడు. అలాంటివాడు అబద్ధమాడటం మొదలుపెడితే చిన్నాచితకా అబద్ధంతో సరిపెడతాడా?

ఆయన భార్య బడిలో గుమాస్తా. పొద్దున్న లేస్తే వంట, నాలుగు డబ్బాలు, తల్లికి మాత్రలు, కూతురికి జడలు, ఎక్కడ విప్పాడో తనకే గుర్తులేని కొడుకు మేజోళ్ళు. సాయంత్రం ఇదంతా మళ్ళీ మొదటినించీ. ఒకరోజు కళ్ళు తిరిగి పడితే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. "షుగరు పెరిగిందమ్మా. ఆరు నెలల్లో ఎనిమిది కేజీలు తగ్గండి. లేదా రోజూ ఇంజెక్షనే" అన్నాడు డాక్టరు. ఆవిడకి సూదంటే హడల్. కూతురికి టీకా వేయించిన రోజు, కూతురే తల్లి చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పింది.

నడవడానికి రోజంతా గాలిస్తే దొరికిన ఖాళీ తెల్లవారుజామున ఐదు నించి ఐదున్నర. వారం పాటు చెమటలు కక్కుతూ నడిచింది. ఆదివారం స్నానాలగదిలో కాటా ఎక్కితే రెండు వందల గ్రాములు పెరిగింది.

"ఇదేం న్యాయమండీ! ఈ అరగంటా పడుకునుంటే నిద్రయినా దక్కేది. రేపట్నించి నేను వెళ్ళను" అని అక్కడే చతికిలబడింది.

ఆవిడంటే మేస్త్రికి ప్రాణం. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట ఒక్కసారి కూడా నోటంట రాలేదు, ఎంతసేపూ కూరలో ఉప్పు గురించే వచ్చేది. బతిమాలి మరో వారం నడిపించాడు. ఆ ఆదివారం ఆవిడ వచ్చేలోపు కాటా అడుగున ముల్లు సర్దే చక్రాన్ని అరకేజీ వెనక్కి తిప్పాడు.

"ఏవండీ, ఏడు వందల గ్రాములు తగ్గాను!" అని ఆవిడ ఇల్లంతా తిరిగి చెప్పింది. సోమవారం పావుగంట ముందే బయల్దేరింది.

అబద్ధంతో వచ్చిన చిక్కేమిటంటే, పోయిన వారం ఆడినదానికి ఈ వారం కొంత కలపాలి. చక్రం ఆఖరుదాకా తిరిగిపోయాక స్ప్రింగే మార్చేశాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కాటా అన్న సంగతి అంత తెలివైన మనిషికీ తట్టలేదు.

ముందు అత్తగారు ఎక్కింది. "అల్లుడుగారూ, నేను కరిగిపోతున్నానండీ!" అని గుడ్లు రెండు తినే మనిషి నాలుగు తినసాగింది. పై ఆదివారం ఇంకా తగ్గింది. ఆరు తిన్నా లాభం లేకపోయేసరికి ఆశ వదులుకుని, గొడుగు మనవడికీ దుప్పటి మనవరాలికీ కళ్ళజోడు అల్లుడికీ పంచిపెట్టేసింది. కళ్ళజోడు లేక ముల్లు కనబడక, ఒక వారం ప్రశాంతంగా ఉంది.

తర్వాత కూతురు వచ్చింది. "నాన్నా, నా పుస్తకాల సంచీ సున్నాకంటే తక్కువ తూగుతోంది. అంటే ఇంకో నాలుగు పుస్తకాలు పెడితే అప్పటికి ఖాళీ అవుతుందా?"

మేస్త్రి ఇక లాభం లేదనుకున్నాడు. ఆదివారం ఏడైనా లేవని మనిషి నాలుగున్నరకే లేచి, స్నానాలగది నేలమీద బోర్లా పడుకుని ఎవరి అబద్ధం వాళ్ళకి సర్దసాగాడు. భార్య ఎక్కేముందు ఇటు, అత్తగారికి అటు, కండలు పెంచుతున్న కొడుక్కి మరికాస్త అటు. ఎవరైనా తలుపు కొడితే "కడుపునొప్పి" అనేవాడు. ఓసారి వరస తప్పి, తల్లి లెక్కలో కొడుకు ఎక్కాడు. పన్నెండు కేజీలు పోయాయనుకుని మూడు రోజులు మంచం దిగలేదు.

ఆరో నెలకి ఇంటి కాటా ప్రకారం ఆవిడ పంతొమ్మిది కేజీలు తగ్గింది. అందులో నిజం నాలుగు. మిగతా పదిహేనూ మేస్త్రివి.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలనగా ఆస్పత్రి నించి నర్సు ఫోను చేసింది. "మేస్త్రిగారూ, మా కాటా ముల్లు పట్టేస్తోంది. ఒకసారొచ్చి చూడండి."

అది ఆయన సీలు వేసిన కాటాయే. వెళ్ళేసరికి నర్సు కాటా చూపించి తన పనిమీద పోయింది. గదిలో ఆయనా, స్క్రూడ్రైవరూ. రేపు నిజం బయటపడితే ఆవిడ నడక మానేస్తుంది, సూది తప్పదు. ఆపైన ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా ఆయనకి ధైర్యం చాలలేదు. పదిహేను కేజీలూ తిప్పేశాడు.

అప్పుడే ఒకావిడ చంటిపాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. "బాగయిందా అండీ? దీని బరువు చూసి మందు రాస్తామన్నారు."

పాప మహా అయితే పది కేజీలుంటుంది. మేస్త్రి తిప్పిన లెక్కలో ఆ పిల్ల సున్నాకి ఐదు కేజీలు అవతల ఉంది. ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. "రెండు నిమిషాలమ్మా" అని అంతా వెనక్కి తిప్పి, తూనికరాళ్ళు పెట్టి మూడుసార్లు సరిచూసి సీలు వేశాడు.

మర్నాడు ఆస్పత్రి బల్లమీద, పేరు పిలిచేలోపు, ఉన్నదంతా భార్యకి చెప్పేశాడు.

"నాకు తెలుసు" అందావిడ.

"తెలుసా? ఎప్పట్నించి?"

"రెండో వారం నించి. కాటాని తిప్పారు గాని నా మోకాళ్ళని తిప్పలేదుగా? అయినా ఆదివారం పొద్దున్నే స్నానాలగది తలుపు కింద సందులోంచి మీ కాళ్ళు రెండూ కనబడుతుంటే ఏమనుకోమంటారు?"

"మరి తెలిసీ ఎందుకు నడిచావు?"

ఆవిడ జవాబు చెప్పేలోపు నర్సు పిలిచింది. చెప్పులు విప్పి కాటా ఎక్కింది. సరిగ్గా నాలుగు కేజీలు తగ్గింది. డాక్టరు పెదవి విరిచి, రక్తపరీక్ష కాగితం చూసి మళ్ళీ సర్దుకున్నాడు.

"నేను చెప్పినదాంట్లో సగమే తగ్గారు. కానీ షుగరు బాగా దిగింది. ఇంజెక్షను ఇప్పుడొద్దు, ఇలాగే కానివ్వండి. అవునూ, ఉద్యోగం, పిల్లలు, ఇంత సంసారం పెట్టుకుని ఆరు నెలలు మానకుండా ఎలా నడిచారమ్మా? అందరూ నెలకే చేతులెత్తేస్తారు."

ఆవిడ భర్తని చూసింది. ఆయన తల వంచుకుని తన బూట్ల లేసులు చూసుకుంటున్నాడు.

"మా ఆయన పది గ్రాములకి కూడా అబద్ధమాడని మనిషండీ. నా కోసం పదిహేను కేజీలు ఆడారు. ఇలాంటి మనిషిని వదిలేసి తొందరగా ఎలా పోతానండీ?"