మార్గశిర లక్ష్మివారం నాటి బఫే

కార్డు మీద 'బఫే విందు' అని అచ్చు వేయించారు. మా వారు ఆ కార్డును రేడియో మీద, వచ్చిన వాళ్లందరికీ కనబడేలా నిలబెట్టారు. విజయనగరానికి కొత్తగా బదిలీ అయి వచ్చిన మా వారి ఆఫీసు పెద్ద ఇంజనీరుగారు తన కింద పనిచేసే వాళ్లందరినీ కుటుంబాలతో సహా క్లబ్బుకి పిలిచారు. మా సొంతూరు శ్రీకాకుళం. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ విజయనగరంలోనే కాపురం. బి.ఏ. కూడా ఇక్కడే చదివాను. అయినా ఆ క్లబ్బు గేటు ఎన్నడూ దాటలేదు. దాటాలన్న కోరికా లేదు. నాకున్నది ఒకటే ప్రశ్న. అక్కడ పిల్లకి ఏం పెట్టాలి?

మా అమ్మాయికి మూడేళ్లు. దసరాలకి టైఫాయిడు వచ్చింది. మూడు వారాలు మంచం మీద ఉండి లేచేసరికి మెడ సన్నబడిపోయి, తల మాత్రం పెద్దగా కనిపించేది. వేళకి మెత్తటి అన్నం పెట్టండి, ఒక్క పూట కూడా తప్పించకండి అన్నాడు డాక్టరు. చెప్పడం సులువే. ఏడున్నరలోగా నాలుగు ముద్దలు కడుపులో పడకపోతే పిల్ల నిద్రపోతుంది. ఆ తరవాత లేపినా నోరు తెరవదు. అలా రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ తెల్లారి పసరు కక్కుకుని కళ్లు తేలేసింది. రెండోసారి డాక్టరు నన్ను, "చదువుకున్నదానివి కదమ్మా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకే ముందు రోజే మా వారితో చెప్పాను.

"చిన్న క్యారేజీలో పెరుగన్నం పట్టుకొస్తానండీ. సంచిలో పెడతాను, ఎవరికీ కనబడదు."

"క్లబ్బుకి క్యారేజీయా? పెద్దాయన పిలిచిన విందుకి మనం అన్నం మూట కట్టుకు వెళ్తే ఏమనుకుంటారు? మాంసం తినని వాళ్లకి వేరే బల్ల పెట్టిస్తున్నారు. నేనే దగ్గరుండి చెప్పాను. ఆరు కుటుంబాలకి సరిపడా. పెరుగన్నం కూడా ఉంది. గరిటెలు కూడా వేరే."

"ఖాయంగా వేరేనా?"

"నీకు గరిటెల మీద ఉన్న శ్రద్ధ నా మీద ఉంటే బాగుండును."

క్యారేజీ అటక ఎక్కింది. నేను చేసిన తప్పు అదే.

మా ఇంట్లో తరతరాలుగా ఎవరూ మాంసం ముట్టలేదు. అది గొప్పా కాదు, తక్కువా కాదు, అలవాటు. బయట తినాల్సి వస్తే ఇక్కడా, శ్రీకాకుళంలోనూ భోజనం హోటళ్లు ఉండనే ఉన్నాయి. కూర్చుంటే ఆకు వేస్తారు, వడ్డించేవాడు వస్తాడు, వద్దంటే పోతాడు. శ్రీకూర్మం దర్శనానికి వెళ్లినా మా అత్తగారు పులిహోర కట్టించే బయలుదేరతారు. కానీ ఈ బఫే ఏమిటో, ఎవరు కనిపెట్టారో! మనిషి నిలబడాలి. పళ్లెం పట్టుకోవడానికి ఒక చెయ్యి, అన్నం కలుపుకోవడానికి ఒక చెయ్యి, పిల్లని ఎత్తుకోవడానికి ఇంకొకటి కావాలి. ఆ ఉదయం నేను పూజ చేసిన లక్ష్మీదేవికి నాలుగు చేతులున్నాయి. ఆవిడైతే నెగ్గుకొచ్చేది.

ఏడు కాకముందే వెళ్లాం. హాలులో ఒక గోడ పొడుగునా పెద్ద బల్ల. దాని మీద మాంసం పలావు, కోడికూర, చేపల వేపుడు. కిటికీ పక్కన చిన్న బల్ల. దాని మీద పులిహోర, వంకాయ కూర, పప్పు, గారెలు, ఒక చిన్న బేసినులో పెరుగన్నం. అట్టముక్క మీద 'శాకాహారులు' అని ఎర్ర సిరాతో రాసి గోడకి అతికించారు. గరిటెలు నిజంగానే వేరు. మా వారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు.

పెద్దాయన మాట్లాడారు. ఆయన తరవాత మరొకాయన. ఆయన తరవాత ఇంకొకాయన పెద్దాయన ఎంత బాగా మాట్లాడారో మాట్లాడారు. గోడ గడియారం ఏడుంపావు దాటింది. పిల్ల నా భుజం మీద తల పెట్టింది. ఆ తల బరువు నాకు తెలుసు. ఇంకో పావుగంట ఆగుతుంది, అంతే.

మూతలు తీశారు. హాలులో ఉన్న ఎనభై మందీ కదిలారు. కదిలి పెద్ద బల్ల పక్క నుంచి గౌరవంగా తప్పుకుని, తిన్నగా కిటికీ పక్కనున్న చిన్న బల్ల మీద పడ్డారు.

నాకేమీ అర్థం కాలేదు. నా ముందు మా వీధి చివర బియ్యం మిల్లువాళ్ల కోడలు ఉంది. వాళ్ల ఇంటి ముందు చేపల బుట్ట దిగని రోజు ఉండదు. ఆవిడ పళ్లెంలో గారెలు గోపురంలా పేర్చి ఉన్నాయి.

"ఇదేమిటండీ, మీరూ ఇటే వచ్చారు?" అన్నాను.

"మరేటమ్మా, ఈయేళ మార్గశిరం లచ్చివారం కాదేటి! నీసు ముట్టుకుంటే మా అత్త నన్ను గుమ్మం ఎక్కనిస్తాదా?"

ఆవిడ భర్త వెనకాలే ఉన్నాడు. అతని కళ్లు పెద్ద బల్ల మీదే ఉన్నాయి. "ఒసే, ఒక్క ముక్క..." అన్నాడు.

"ముక్క నేదు, బొక్కా నేదు. ఇటు తిరుగు. వాసన కూడా అటు తిరిగి పీల్సకు."

అప్పటికి గాని నాకు తట్టలేదు. మా వైపు మార్గశిర మాసంలో లక్ష్మివారం, అంటే గురువారం, వస్తే, రోజూ మాంసం తినే ఇళ్లలో కూడా ఆ రోజు నీచు వండరు, తినరు. పెద్దాయన గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, ఆయనకేం తెలుసు? తారీఖు సరేనన్నదీ, ఆరు కుటుంబాలని చెప్పిందీ ఇక్కడి మగవాళ్లే. ఎవరు తింటారు, ఎవరు తినరు అని మనుషుల్ని లెక్కపెట్టారు గాని, ఏ వారమో ఒక్కడూ చూడలేదు. వాళ్లనని ఏం లాభం? పొద్దున్నే తలస్నానం చేసి, ముగ్గు పెట్టి, పరమాన్నం నైవేద్యం పెట్టినదాన్ని నేను. నాకూ తోచలేదు. ఏడాది పొడుగునా తినని ఇంట్లో, తినకూడని రోజు వేరే కనబడదు.

పులిహోర అయిపోయింది. పప్పు గిన్నెని ఎవరో వంచి గీకుతున్నారు. పిల్లని ఒక చేత్తో, పళ్లెం ఒక చేత్తో పట్టుకుని, మోచేత్తో దారి చేసుకుంటూ నేను బల్ల దగ్గరికి చేరేసరికి పెరుగన్నం బేసినులో అడుగున రెండు ముద్దలు మిగిలాయి. రెండు ముద్దలు చాలు. ఆ రెండు ముద్దల కోసం నేను ఎవరితోనైనా పోట్లాడేదాన్ని.

సరిగ్గా అప్పుడు పెద్దాయన వచ్చారు. ఎవరూ పలావు జోలికి పోవడం లేదని ఆయన అప్పటిదాకా పలావు గరిటె పట్టుకుని హాలంతా తిరుగుతూ, తినండి, తినండి అని బతిమాలుతున్నారు. నన్నూ పిల్లనీ చూసి ఆయన ముఖం నిజంగా బాధగా అయిపోయింది.

"అయ్యో, పాపకేం పెట్టలేదా తల్లీ? ఉండండి, ఉండండి."

ఆ గరిటెతోనే బేసినంతా గీకి పిల్ల పళ్లెంలో వేశారు. తెల్లటి పెరుగన్నం మీద పసుపు పచ్చటి నూనె చార, రెండు పలావు మెతుకులు, చిటికెన వేలి గోరంత మాంసం పీచు.

"తిను బంగారూ," అన్నారు ఎంతో ప్రేమగా.

నేను మా వారి వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. ఏమీ అనకు అని ఆ చూపు దండం పెట్టింది. "థాంక్సండీ," అన్నాను. పెద్దాయన అటు తిరగ్గానే పళ్లెం కుర్చీ కింద పెట్టి, పిల్లని తీసుకుని వెనక తలుపులోంచి బయటికి నడిచాను.

నాకు కోపం వచ్చింది. ఆ మంచాయన మీద, ఆరు కుటుంబాల లెక్క మీద, అటక మీద ఉన్న క్యారేజీ మీద, అన్నిటికన్నా ఎక్కువగా, 'ఎవరికీ కనబడదు' అని బతిమాలిన నా మీద. పిల్లకి అన్నం పట్టుకెళ్లడానికి బతిమాలడం దేనికి?

వంటశాలలో పాలు అడిగాను. కాఫీలోకి అయిపోయాయన్నారు. పిల్ల చేతులు నా మెడ చుట్టూ వదులైపోతున్నాయి. "అమ్మా, నిద్దొస్తోంది" అంది. "ఒక్క నిమిషం నాన్నా, కళ్లు తెరువు, అదిగో చూడు దీపం" అంటూ పెరటి వైపు నడిచాను. అక్కడ నిజంగానే ఒక దీపం ఉంది. క్లబ్బు కావలివాడి గది. గుమ్మం ముందు వరిపిండితో ముగ్గు, ఆ ముగ్గులోంచి గదిలోకి నడుస్తున్నట్టు చిన్న చిన్న లక్ష్మీదేవి పాదాలు. లోపల కావలివాడి భార్య పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

"ఓలమ్మ! ఏటమ్మా, పిల్ల తోటకూర కాడలాగ వేలాడిపోతన్నాది?"

చెప్పాను. జ్వరం సంగతి, వేళ సంగతి, గరిటె సంగతి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చివరికి, "కాస్త మెత్తటన్నం ఉందా?" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అన్నం అడగలేదు.

"అన్నం నేకేటి? లచ్చిందేవికెట్టి ఇప్పుడే దించినాను. పెసరపప్పున్నాది, పరమాన్నమున్నాది. అయితే ఇయ్యకూడదమ్మా."

"ఇవ్వకూడదా?"

"లచ్చివారం పూట ఇంట్లో ఒండింది గడప దాటకూడదు. దాని ఎంట లచ్చిందేవి ఎలిపోతాది. మాది పాతపట్నం కాడ పల్లె. మా అమ్మ ప్రాణం పోయినా ఇచ్చీది కాదు."

నేనేం వాదిస్తాను? మా అత్తగారూ అదే మాట అంటారు. ఆ ఉదయమే పక్కింటావిడ తోడుకి గరిటెడు మజ్జిగ అడిగితే, రేపిస్తానని గుమ్మంలోంచి పంపేసినదాన్ని నేను. ఇప్పుడు నేనే గుమ్మం అవతల నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక్కి తిరగబోయాను.

"అదేటి, ఎలిపోతన్నారు? బైటికియ్యకూడదన్నాను గాని, మిమ్మల్ని లోపలికి రావొద్దన్నానేటి? రాండి, బేగి రాండి, గుంట నిద్దరోతన్నాది. ఆ పాదాలు మాత్రం తొక్కకండి."

పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, వరిపిండి పాదాల పక్కన అడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్లి నేల మీద కూర్చున్నాను. ఆవిడ అడ్డాకుల విస్తరి వేసి, అన్నం చేత్తో మెదిపి, పప్పు పోసింది. అంతలో నాకు ఇంకో భయం పట్టుకుంది.

"నీళ్లు కాచినవేనా?"

"కాసినవే. నమ్మకం నేకపోతే గంజి పట్టించండి. గంజి కాగకుండా వస్తాదేటి?"

మొదటి ముద్ద పిల్ల కళ్లు మూసుకునే మింగింది. రెండోది నమిలింది. మూడో ముద్దకి కళ్లు తెరిచి, "ఇంకా" అంది. నేను లెక్కపెడుతున్నాను. తొమ్మిది ముద్దలు. ఆ తరవాత పరమాన్నం. ఇది ఎవరిల్లు, మా అత్తగారికి తెలిస్తే ఏమంటారు అన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. అయిదో ముద్ద దగ్గర వచ్చింది. ఆరో ముద్దకి పిల్ల నోరు తెరిచింది, ఆలోచన అక్కడితో ఆగిపోయింది. ఆవిడ నా ముందు కూడా ఒక విస్తరి వేసింది. వద్దనలేదు.

గుమ్మంలో మా వారి గొంతు వినిపించింది.

"ఇక్కడున్నావా? ఎంతసేపు వెతకాలి? ఫోటో తీస్తున్నారు. పెద్దాయన నిన్నూ పిల్లనీ అడిగారు."

"పిల్ల అన్నం తింటోంది."

ఆయన గది చూశారు, విస్తరి చూశారు, నన్ను చూశారు. ఏదో అనబోయారు. ఈలోగా ఆ ఇంటావిడ అందుకుంది.

"బాబూ, గడప మీద నిలబడకండి. లచ్చిందేవి వచ్చీ ఏళ. లోపలికన్నా రాండి, బైటికన్నా ఎల్లండి. నీసు తిన్న సెయ్యేటి?"

"లేదు. ఏమీ తినలేదు. ఒక గారె దొరికింది."

"ఒక గారెకి ఏటవుతాది? రాండి."

ఆయన హాలు వైపు ఒకసారి చూశారు. తరవాత వంగి, ఆ మధ్యాహ్నమంతా పాలిష్ పెట్టుకున్న బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. మూడో విస్తరి పడింది. మేము పప్పన్నం తింటుండగా హాలు కిటికీలో ఫోటో వెలుగు తళుక్కుమంది. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ల ఆఫీసు గోడకి వేలాడుతోంది. అందులో మేము లేము.

తెల్లారి పిల్ల పసరు కక్కలేదు. లేస్తూనే, "పరమాన్నం అత్త దగ్గరికి వెళ్దాం" అంది.

నిన్న ఇంకో కార్డు వచ్చింది. బియ్యం మిల్లువాళ్లది, కొడుకు పుట్టినరోజు, అదీ బఫేయే. మా వారు దాన్ని ఈసారి రేడియో మీద పెట్టలేదు. తిన్నగా క్యాలెండరు దగ్గరికి వెళ్లి, తారీఖు మీద వేలు పెట్టి, కిందికి జరిపి చూశారు.

"శనివారం," అన్నారు నీరసంగా. ఈ ఊళ్లో సగం మంది శనివారం నీచు ముట్టరు.

నేను స్టూలు వేసుకుని అటక మీంచి క్యారేజీ దించాను. ఆయన స్టూలు పట్టుకున్నారు.